మన ఇంటిపేర్లు, మన వంశాలు – కొత్త శాస్త్రం చెప్పే చరిత్ర



ఈ ఏడాది సావనీరుకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి రాసివ్వమని సంఘం కార్యదర్శిగారు అడిగారు. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి గనుక ఏ గోల్కొండ నవాబుల గురించో, నిజాముల గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. కాని ఈసారి నవాబుల చరిత్ర కాదు, మన గడప లోపలి చరిత్రే రాద్దామనిపించింది. దానికి కారణం మా ఇంట్లో జరిగిన ఒక సంగతి. ముందు అది చెప్పి, తర్వాత అసలు విషయానికి వస్తాను.

మా ఇంట్లో తోలు సంచిలో భద్రపరచిన షజరా ఒకటి ఉంది. మా దాదా చేతిమీదుగా మా అబ్బాకూ, అబ్బా నుంచి మా పెద్దన్నగారికీ వచ్చింది. మేము సిద్దీఖీ షేకులమనీ, హజ్రత్ అబూబకర్ సిద్దీఖ్ (రజి) గారి సంతతి అనీ అందులో ఉర్దూ అక్షరాల్లో వరుసగా పేర్లు రాసి ఉంటాయి. పండగ నాడు దాన్ని బయటికి తీసి పిల్లలకు చూపించడం మా ఇంట్లో ఆనవాయితీ. కొన్నేళ్ల క్రితం అన్నగారి అమ్మాయికి మంచి సంబంధం వచ్చింది. కుర్రాడు ఇంజనీరు, అయిదు పూటలా నమాజు చదివేవాడు, కట్నం మాటెత్తని ఇల్లు. ఐతే వాళ్లు నూర్‌బాషీయులు. అన్నగారు షజరా తీసి బల్లమీద పెట్టి, "ఈ కాగితానికి నేనేం జవాబు చెప్పుకోను?" అన్నారు. సంబంధం తప్పిపోయింది. అక్కడే కూర్చున్న నేను నోరు మెదపలేదు. ఆ సంగతి ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

తర్వాత రెండేళ్లకు, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న అన్నగారి అబ్బాయి సెలవుల్లో వచ్చాడు. వాడు సరదాకు తన ఉమ్మిని ఒక పరీక్షశాలకు పంపి డి.ఎన్.ఎ. పరీక్ష చేయించుకొన్నాడట. తండ్రి వరుస "హెచ్" అనే శాఖకు చెందినదని వచ్చింది. ఆ శాఖ వేల ఏళ్లుగా మన దేశంలోనే పాతుకొని ఉన్నది, దక్షిణాదిన చాలా ఎక్కువ. అరబ్బు దేశాల్లో ఎక్కువగా కనిపించేది "జె" అనే వేరే శాఖ. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. "మరి షజరా అబద్ధమా చాచా?" అని వాడు నన్ను అడిగాడు. వాడికి జవాబు చెప్పాలని చదవడం మొదలుపెట్టాను. చదివినదాంట్లో మనందరికీ పనికొచ్చేది ఇక్కడ రాస్తున్నాను.

దాదా దారి, నానీ దారి

ముందుగా ఈ పరీక్ష ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన శరీరంలోని చాలా కణాల్లో 23 జతల క్రోమోజోములుంటాయి. వాటిలో ఒక జత మగా ఆడా అన్నది తేలుస్తుంది. మగవాళ్లకు ఆ జతలో ఒకటి వై క్రోమోజోము. అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది. అంటే అబ్బా, దాదా, పర్‌దాదా, ఇలా మగ వరుసలో దాదాపు మార్పు లేకుండా దిగివస్తుంది. మన ఇంటిపేరూ సరిగ్గా అదే దారిన వస్తుంది గదా! అందుకే ఇంటిపేరు చరిత్ర వెతికేవాళ్లు వై క్రోమోజోమును పట్టుకొన్నారు.

"దాదాపు" అన్నాను, ఆ మాటలోనే అసలు కిటుకుంది. పాత దస్తావేజుకు తరతరాలుగా చేత్తో నకళ్లు తీస్తూ పోతే ఎక్కడో ఒకచోట ఒక అక్షరం తప్పు పడుతుంది. తర్వాత తీసిన నకళ్లన్నింటిలోనూ ఆ తప్పు అలాగే ఉండిపోతుంది. వై క్రోమోజోములోనూ అరుదుగా ఇలాంటి చిన్న మార్పులు వస్తాయి. ఇద్దరి నకళ్లలో తేడాలు కొద్దిగా ఉంటే వాళ్ల ఉమ్మడి తాత దగ్గరి కాలంవాడనీ, ఎక్కువగా ఉంటే చాలా పాతకాలంవాడనీ లెక్క కడతారు.

ఇలాగే తల్లి వైపు ఇంకొకటుంది. దాన్ని మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. అంటారు. అమ్మీ నుంచి పిల్లలందరికీ వస్తుంది కాని, ముందుకు తీసుకుపోయేది ఆడపిల్లలే. కాబట్టి మొదటిది దాదా దారి, రెండవది నానీ దారి అని గుర్తుపెట్టుకొంటే చాలు. మా ఇంట్లో పరీక్ష చేయించుకొన్నది అన్నగారి కొడుకు గనుక అది మా దాదా దారి. మా అక్కయ్య కొడుకు చేయించుకొని ఉంటే వచ్చేది మా బావగారి వంశం సంగతి, మాది కాదు.

ఇంగ్లండులో జరిగిన పరీక్షలు

ఈ విద్య పుట్టిల్లు ఇంగ్లండు. 1984లో లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ అనే శాస్త్రజ్ఞుడు డి.ఎన్.ఎ. వేలిముద్ర పద్ధతిని కనిపెట్టాడు. ఇంటిపేర్ల మీద పేరుపొందిన పరీక్ష 2000లో వెలువడింది. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు బ్రయాన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మంది మగవాళ్ల వై క్రోమోజోములను పోల్చిచూశాడు. సైక్స్ అనేది యార్క్‌షైర్ ప్రాంతపు పేరు, చిన్న వాగు అని అర్థం. వాగులు ఎన్నో ఉంటాయి గనుక ఈ పేరు కూడా ఎన్నోచోట్ల విడివిడిగా పుట్టి ఉంటుందని అందరూ అనుకొనేవారు. తీరా చూస్తే దాదాపు సగం మందికి ఒకటే రకం వై క్రోమోజోము. అంటే వందల ఏళ్ల క్రితం ఒకే మూలపురుషుడు ఉన్నాడన్నమాట.

మరి మిగతా సగం మంది సంగతేమిటి? దత్తత వచ్చినవాళ్లుంటారు, సవతి తండ్రి పేరు పెట్టుకొన్నవాళ్లుంటారు, ఆస్తికోసం అత్తవారింటి పేరు తీసుకొన్నవాళ్లుంటారు, దంపతుల రహస్యాలు కొన్ని ఉంటాయి. ఏ సమాజంలోనైనా ఏడు వందల ఏళ్లు గడిస్తే ఇవన్నీ జరిగేవే.

2009లో టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే లెస్టర్ శాస్త్రజ్ఞులు ఇంకో అడుగు ముందుకు వేశారు. 40 బ్రిటిష్ ఇంటిపేర్లు తీసుకొని పదహారు వందలమందికి పైగా పరీక్షించారు. ఆటెన్‌బరో వంటి అరుదైన పేర్లున్నవాళ్లలో ఎక్కువమంది ఒకే వంశం. కాని స్మిత్ అనే పేరున్నవాళ్లలో పోలికే లేదు, దారినపోయే పదిమందిని పిలిచి పరీక్షిస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది. కారణం సులువే. స్మిత్ అంటే కమ్మరి. ప్రతి ఊళ్లోనూ కమ్మరి ఉన్నాడు, ప్రతి కమ్మరి పిల్లలకూ ఆ పేరు వచ్చింది. పేరు ఒక్కటే, తాతలు వేలమంది.

ఈ స్మిత్ సంగతి చదివినప్పుడు నాకు ఠక్కున గుర్తొచ్చింది మన "షేక్".

షేక్ అంటే ఎవరు?

మనలో ఎవరినైనా ఇంటిపేరడిగితే షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్, మొగల్ అని చెబుతాం. స్కూలు రిజిస్టర్లో అలాగే ఎక్కుతాయి. కాని ఇవి పుట్టుకతో ఇంటిపేర్లు కావు, గౌరవపదాలూ జాతి పేర్లూను. షేక్ అంటే అరబ్బీలో పెద్దమనిషి, గురువు. సయ్యద్ అంటే ప్రభువు, ప్రవక్త (స) గారి సంతతికి వాడే బిరుదు. ఖాన్ అనేది మధ్య ఆసియా తురుష్కుల, మంగోలుల బిరుదు. మీర్జా అంటే అమీరు కొడుకు. పఠాన్ అంటే ఆఫ్ఘన్ జాతివాడు.

అరబ్బుల పద్ధతిలో మనకు తెలిసిన తీరు ఇంటిపేరు లేదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా చెప్పుకొంటారు. దాన్నే నసబ్ అంటారు. తుర్కీలో 1934లో చట్టం చేసి అందరూ ఇంటిపేరు పెట్టుకోవాలనే దాకా చాలామందికి ఇంటిపేరన్నదే లేదు. మన దేశంలో ఎవరైనా ఒక పీరు చేతిమీదుగా ఇస్లాం స్వీకరిస్తే, పీరును షేక్ అంటారు గనుక ఆ కుటుంబం తన పేరుకు ముందు షేక్ చేర్చుకోవడం మామూలు. ఉత్తరాదిన ఒక పాత సామెత ఉంది. నిరుడు సాలెవాణ్ణి, ఈ ఏడు షేకును, వచ్చే ఏడు ధాన్యం ధర పెరిగితే సయ్యద్‌నవుతాను అని దాని భావం. జనం తమను తామే ఎగతాళి చేసుకొన్న మాట అది.

మన జిల్లాల్లోనే చూడండి. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ (1920–1997) గుంటూరు జిల్లా పొన్నెకల్లువారు, దూదేకుల కుటుంబంలో పుట్టారు. ఆయన జీవితకథ పుస్తకానికి "పింజారి" అనే పేరు. పేరుకు ముందు షేక్ ఉంది, జీవితకథకు పింజారి అని ఉంది. రెండూ నిజమే. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా (1924–1999) ప్రకాశం జిల్లా కరవదివారు. ఇద్దరూ షేకులే, కాని ఒకే తాత మనుమలని ఎవరం అనుకోము.

దీనికి భిన్నంగా ఇంకో ఉదాహరణ ఉంది. హైదరాబాదు పాతబస్తీకి ఆనుకొని ఉన్న బార్కస్‌లో, నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ దేశపు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఉంది. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. వాళ్ల పేర్లలో ఉండేవి ఆ దేశపు తెగల పేర్లు, వంశాల పేర్లు. అక్కడ ఇంటిపేరును పట్టుకొని వై క్రోమోజోము వెతకడంలో అర్థముంది. షేక్ అనే పేరును పట్టుకొని వెతికితే మాత్రం స్మిత్‌ను వెతికినట్టే ఉంటుంది.

ఆంధ్ర ముస్లిముల మీద జరిగిన పరిశోధన

"ఇంగ్లండు సంగతి సరే, మన సంగతేమిటి?" అని మీరు అడగవచ్చు. మన సంగతి కూడా పరిశోధించారు. 2006లో మానవ జన్యుశాస్త్ర పత్రికలో ఒక పత్రం వెలువడింది. అది రాసినవారిలో హైదరాబాదు సి.సి.ఎం.బి. సంస్థకు చెందిన, మన దేశంలో డి.ఎన్.ఎ. వేలిముద్రల విద్యకు ఆద్యుడైన డాక్టర్ లాల్‌జీ సింగ్ కూడా ఒకరు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 246 మంది ముస్లిం మగవాళ్ల వై క్రోమోజోములను, మధ్య ఆసియా, ఇరాన్, అరబ్బు దేశాలు, తుర్కీ, ఈజిప్టు, మొరాకో, భారతదేశపు ఇతర ప్రాంతాలు వగైరాలకు చెందిన 4,204 మందితో పోల్చి చూశారు.

తేలినదేమిటంటే, ముస్లిముల మగ వరుస మొత్తంమీద వేరే ప్రాంతపు ముస్లిములకన్నా తమ ఇరుగుపొరుగు ముస్లిమేతరులకే దగ్గర. పోలిక భూగోళాన్ని బట్టి ఉంది, మతాన్ని బట్టి లేదు. ఇస్లాం ఈ దేశంలో ప్రధానంగా మనుషుల మనసుల ద్వారా వ్యాపించింది గాని, బయటినుంచి వచ్చిన మగవాళ్లు ఇక్కడివాళ్ల స్థానాన్ని ఆక్రమించడం ద్వారా కాదు అని ఆ పత్రం సారాంశం. బయటినుంచి ఎవరూ రాలేదని దీని అర్థం కాదు. అరబ్బులు వచ్చారు, ఇరానీలు వచ్చారు, ఆఫ్ఘన్లు వచ్చారు, ఆఫ్రికానుంచి హబ్షీలు వచ్చారు. వాళ్ల సంతతి మనలో ఉంది. ఐతే మొత్తం లెక్కలో వాళ్లు కొద్దిమంది.

సయ్యదుల మీద 2010లో ఇంకో పత్రం వచ్చింది. భారత ఉపఖండంలో సయ్యదులమని చెప్పుకొనేవారి వై క్రోమోజోములు పరీక్షిస్తే రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఇరుగుపొరుగువారికన్నా వీరిలో అరబ్బు పోలిక కొంత ఎక్కువగా ఉంది. రెండు, అందరూ దగ్గరి కాలంలోని ఒకే మూలపురుషుని మగ సంతతి అనడానికి ఆధారం కనబడలేదు, వైవిధ్యం మిగతావాళ్లలో ఉన్నంతా ఉంది. అంటే చెప్పుకొన్న మాటలో కొంత నిజమూ ఉంది, కాలక్రమేణా చేరిన చేర్పులూ ఉన్నాయి.

రాజులకూ తప్పలేదు

షజరా తప్పిందని బాధపడేవారికి ఒక ఓదార్పు మాట. ఇంగ్లండు రాజు మూడవ రిచర్డ్ 1485లో యుద్ధంలో చనిపోయాడు. అతని ఎముకలు 2012లో లెస్టర్ నగరంలో ఒక కారు పార్కింగ్ కింద దొరికాయి. నానీ దారి పరీక్షలో, అతని అక్క ఆడ సంతతితో సరిపోయింది. దాదా దారి పరీక్షలో మాత్రం, కాగితాలమీద అతని మగ వంశానికి చెందినవారితో సరిపోలేదు. మధ్యలో ఎక్కడో గొలుసు తెగింది. రాజవంశాల లెక్క రాయడానికే ఉద్యోగులున్న దేశంలో ఇలా జరిగితే మన తోలు సంచి కాగితం ఎంత?

పరీక్షకూ పరిమితులున్నాయి. అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు, ఆయన ఇంట్లో బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్‌కు పిల్లలు కలిగారా అన్న వివాదం చాలాకాలం నడిచింది. 1998లో జెఫర్సన్ తండ్రి సోదరుని మగ సంతతినీ, శాలీ చిన్న కొడుకు మగ సంతతినీ పరీక్షిస్తే సరిపోయింది. కాని జెఫర్సన్ ఇంటి మగవాళ్లందరిదీ అదే వై క్రోమోజోము గదా! తండ్రి థామసేనా, ఆయన తమ్ముడా అన్నది పరీక్ష ఒక్కటే చెప్పలేదు. పాత కాగితాలు, తేదీలు కలిపి చూసిన తర్వాతే చాలామంది చరిత్రకారులు థామసేనని నమ్మారు. కాగితం లేకుండా పరీక్ష, పరీక్ష లేకుండా కాగితం, రెండూ సగం సాక్ష్యాలే.

ఇంకో పెద్ద సంగతి కూడా చెప్పాలి. పది తరాలు వెనక్కి లెక్కపెడితే మనకు 1,024 పూర్వీకుల స్థానాలుంటాయి. దాదా దారి పరీక్ష చెప్పేది అందులో ఒక్కరి సంగతి. నానీ దారి ఇంకొక్కరి సంగతి. మిగిలిన 1,022 మంది గురించి ఈ రెండూ మౌనం. మా షజరా విషయంలోనూ అంతే. ఎక్కడో ఒక తరంలో అల్లుడు కొడుకు స్థానంలో చేరి ఉండవచ్చు, లేదా తర్వాతివారు పై పేర్లు అతికించి ఉండవచ్చు. మాకు తెలిసిన అయిదారు తరాల పేర్లు మాత్రం నిజమే, వాళ్ల సమాధులు మా ఊరి కబ్రస్తాన్‌లో ఉన్నాయి.

సర్టిఫికెట్టుకూ పరీక్షకూ సంబంధం లేదు

కొందరు యువకులు నన్నొక ప్రశ్న అడిగారు. 2007లో వచ్చిన చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. అందులో షేక్ ఉంది. సయ్యద్, మొగల్, పఠాన్ మొదలైనవి లేవు. నూర్‌బాషీయులు అంతకుముందునుంచే బి.సి. జాబితాలో ఉన్నారు. మరి డి.ఎన్.ఎ. పరీక్షతో వర్గం మార్చుకోవచ్చా అని వాళ్ల ప్రశ్న. లేదు. ఆ చట్టం చూసేది సామాజికంగా, చదువులో ఎంత వెనుకబడ్డామన్నది. వేల ఏళ్ల నాటి తాత ఎవరన్నది ఎవరి పేదరికాన్నీ కొలవదు.

పరీక్ష చేయించుకోదలచినవారికి రెండు జాగ్రత్తలు. ఫలితం ఒక్కరిదే కాదు, అన్నదమ్ములందరిదీ. అనుకోని సంగతి బయటపడితే మాటపడేది ముందుగా ఆడవాళ్లే. ఎప్పుడో గతించిన ఏ దాదీ మీదా నింద వేసే హక్కు మనకు లేదు. కాబట్టి ఇంట్లో పెద్దలతో మాట్లాడకుండా చేయించుకోవద్దు. రెండవది, మన వివరాలు ఎవరి చేతిలో పడతాయో చూసుకోవాలి. అమెరికాలో ఇలాంటి ఒక పెద్ద కంపెనీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. అదే కంపెనీ 2025లో దివాలాకు దరఖాస్తు పెట్టుకొంది.

పెద్దలు ముందే చెప్పారు

వంశచరిత్రను ఒక శాస్త్రంగా పెంచినవాళ్లు అరబ్బులే. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లోనే ఇబ్నుల్ కల్బీ తెగల వంశావళులు పుస్తకంగా కూర్చాడు. అబ్బాసీల కాలంలో ప్రవక్త (స) సంతతి లెక్క చూడడానికి నఖీబ్ అనే అధికారి ఉండేవాడు. అంత శ్రద్ధ ఉన్న ఆ లోకంలోనే పుట్టిన ఇబ్న్ ఖల్దూన్, 1377లో రాసిన ముఖద్దిమాలో, వంశమన్నది చాలామటుకు ఊహేననీ, దానివల్ల మనుషుల మధ్య ఏర్పడే ఆప్యాయతే అసలు ప్రయోజనమనీ అభిప్రాయపడ్డాడు. ఇక ఖుర్ఆన్‌లో సూరా హుజురాత్ 13వ ఆయత్ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. జాతులూ తెగలూ ఒకరినొకరు గుర్తించుకోవడానికి, గొప్పతనం భక్తిని బట్టి అని దాని భావం. దాన్ని ఎన్నోసార్లు జుమా ప్రసంగాల్లో విన్నాను. సంబంధం తప్పిపోయిన రోజున మాత్రం గుర్తుచేయలేకపోయాను.

ఇంతకీ మా అన్నగారి అబ్బాయికి నేను చెప్పిన జవాబు ఇది. "షజరా అబద్ధం కాదు బేటా. మన పెద్దలు ఎవరిలా బతకాలనుకొన్నారో అందులో రాసుకొన్నారు. పరీక్ష చెప్పింది మనం ఎక్కడివాళ్లమో. రెండూ దాచుకో." పక్క గదిలో అన్నగారు విన్నారో లేదో నాకు తెలియదు. మొన్న పండగకు షజరా బయటికి తీయలేదు. ఒక కొత్త నోటుబుక్కు మాత్రం తెప్పించారు. అందులో మొట్టమొదటిసారిగా మా దాదీ పేరు, పర్‌దాదీ పేరు, వాళ్ల పుట్టిళ్ల ఊర్లు రాయించారు. షజరాలో ఒక్క ఆడమనిషి పేరు కూడా లేదన్న సంగతి అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. అమ్మాయికి వేరేచోట పెళ్లయింది, అల్‌హందులిల్లాహ్ సుఖంగానే ఉంది. కాని అన్నగారు ఆ ఇంజనీరు కుర్రాడి క్షేమం మధ్యమధ్య అడుగుతూనే ఉంటారు.

కాబట్టి సంఘం సభ్యులకు నా మనవి ఒక్కటే. పరీక్షకు పోసే డబ్బు సంగతి తర్వాత చూడవచ్చు. ముందు ఇంట్లో పెద్దవాళ్లు బతికుండగానే వాళ్ల పక్కన కూర్చొని పేర్లు రాసుకోండి. దాదా వైపూ నానా వైపూ, ఆడవాళ్లవీ మగవాళ్లవీ. ఖాజీగారి దగ్గరున్న నికాహ్ రిజిస్టర్లు, పాత ఇనాం కాగితాలు, స్కూలు అడ్మిషన్ రిజిస్టర్లు, కబ్రస్తాన్ రాళ్లు, ఇవన్నీ మన చరిత్ర గ్రంథాలే. చెదలు పట్టకముందే నకళ్లు తీయించండి. మన సంఘం ఆఫీసులో ఇందుకొక బీరువా కేటాయిస్తే ఎంతో మేలు. ఇక పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు పిల్లవాడి నడవడి అడగండి, చదువు అడగండి. ఏ శాఖవాడని మాత్రం అడగవద్దు, అడిగేవాళ్లుంటే నాలాగా నోరు మూసుకొని కూర్చోవద్దు.

ఖుదా హాఫిజ్.